చిల్లు కాణీ, జ్యూక్‌బాక్స్, ఒక సేవింగ్స్ సర్టిఫికెట్

ప్రతి జనవరిలో మన ఇన్‌బాక్సుల్లోకి ఒక మెయిల్ వస్తుంది. "ఇన్వెస్ట్‌మెంట్ ప్రూఫులు ఫలానా తారీఖులోగా ఇవ్వండి, లేకపోతే జీతంలో కోత" అని. నేనింకా పాత పన్ను విధానంలోనే ఉన్న పాతకాలం మనిషిని కాబట్టి, ఆ మెయిల్ రాగానే కంగారుగా కోఠి వైపు పరిగెత్తి పోస్టాఫీసులో ఒక ఎన్నెస్సీ కొంటాను. నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్. మా నాన్న కొన్నారు, నేనూ కొంటున్నాను. అది ఎక్కడినుంచి వచ్చింది, ఎందుకు మొదలైంది అని మొన్నటిదాకా ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆలోచించేలా చేసింది ఒక చిల్లు కాణీ. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కోసం తిరగడం నాకున్న కొద్దిపాటి మంచి అలవాట్లలో ఒకటి. అలా తిరుగుతూ కోఠి వైపు వస్తుంటే ఒక పెద్దాయన గుడ్డ పరిచి పాత నాణేలు అమ్ముతున్నాడు. మధ్యలో గుండ్రంగా పెద్ద చిల్లు ఉన్న రాగి రంగు నాణెం ఒకటి తీసి చూశాను. 1943.

"ఇది నిజాం పైసానా?" అన్నాను, ఏదో తెలిసినవాడిలా.

"కాదు సార్, అది కల్దారుది. ఇంగ్లీషోల్లది. నిజాముది గూడ తూటు పైస ఉంది, గిది చూడుండ్రి" అని ఇంకోటి తీసి చేతిలో పెట్టాడు. దాని మీదా చిల్లే. "లడాయిల రాగి తక్వ పడ్డది సార్. అందుకే మజ్జల తీసేసిండ్రు."

రెండూ కలిపి నూట యాభై అడిగాడు, వందకి ఇచ్చాడు. మా నాన్నమ్మ చెప్పేది, చిన్నప్పుడు మా నాన్న మొలతాడుకి ఇలాంటి చిల్లు కాణీ కట్టారని. దిష్టి తగలకుండా అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. ఆ చిల్లు వెనకాల ప్రపంచయుద్ధం ఉందని తెలీదు.

ఇంటికొచ్చి యుద్ధకాలపు నాణేల గురించి చదవడం మొదలుపెట్టాను. మీకు తెలుసుగా, మనవాళ్లకి ఒక లింకు నొక్కితే ఆగదు :-) అలా చదువుతూ చదువుతూ అమెరికా జ్యూక్‌బాక్సుల దగ్గర తేలాను.

జ్యూక్‌బాక్స్ అంటే ఈ తరం వాళ్లకి చెప్పాలేమో. నాంపల్లి స్టేషన్లో రంగురంగుల లైట్లు తిరుగుతూ బరువు చూసే మెషీన్ గుర్తుందా? రూపాయి వేస్తే టకటకమని చప్పుడు చేసి, ఒక పక్క బరువూ ఇంకో పక్క జాతకమూ అచ్చేసిన అట్టముక్క చేతికిచ్చేది. జ్యూక్‌బాక్స్ దానికి అన్న లాంటిది. హోటల్లోనో బార్‌లోనో ఉంటుంది, నాణెం వేసి నంబర్ నొక్కితే లోపలున్న రికార్డుల్లోంచి ఆ పాట మోగుతుంది. 1940ల్లో అమెరికాలో ఇవి లక్షల్లో ఉండేవి. పాటకి ఐదు సెంట్లు, అంటే ఒక నికెల్.

ఇప్పుడు యుద్ధం సంగతి. 1941 మే 1న అమెరికా ప్రభుత్వం సిరీస్ ఈ అనే సేవింగ్స్ బాండ్ మొదలుపెట్టింది. మొదటి బాండ్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొన్నాడు, ఆర్థికమంత్రి హెన్రీ మోర్గెంథౌ అమ్మాడు. 18.75 డాలర్లు ఇస్తే పదేళ్ల తర్వాత 25 డాలర్లు. ఆ రోజుల్లో కూలివాడికి 18.75 అంటే చాలా ఎక్కువ. అందుకని పది సెంట్ల నుంచీ స్టాంపులు పెట్టారు. స్టాంపులు కొని ఒక ఆల్బంలో అంటించుకుంటూ పోవాలి, ఆల్బం నిండితే బాండ్ ఇస్తారు. పిల్లలు బళ్లో కొనేవాళ్లు, పెద్దవాళ్లు సినిమా హాళ్లలో కొనేవాళ్లు. మోర్గెంథౌ కోరిక మీద ఇర్వింగ్ బెర్లిన్ "ఎనీ బాండ్స్ టుడే" అని ఒక పాట రాసి హక్కులు ట్రెజరీకి ఇచ్చేశాడు. ఆ పాట రేడియోల్లో మోగింది, బగ్స్ బన్నీ కార్టూన్ అయింది, జ్యూక్‌బాక్సుల్లోకీ ఎక్కింది. మనిషి జేబులోంచి చిల్లర తీసే క్షణంలోనే "ఈ చిల్లరతో ఇంకో పని కూడా ఉంది" అని గుర్తు చేయడమన్నమాట. యాప్‌లో పేమెంట్ పేజీ మీద ప్రకటన పెట్టే మన ప్రోడక్ట్ మేనేజర్లు ఇది తామే కనిపెట్టామనుకుంటారు పాపం.

ఇందులో జ్యూక్‌బాక్సుల వాళ్ల స్వార్థం కూడా ఉందని నాకనిపిస్తుంది. నాణెం వేసే మెషీన్లంటే అప్పటికే జూదం వాసన. పైగా యుద్ధంలోకి దిగిన తర్వాత, 1942లో ప్రభుత్వం కొత్త జ్యూక్‌బాక్సుల తయారీ ఆపేయించింది. వర్లిట్జర్, సీబర్గ్ లాంటి కంపెనీలు యుద్ధసామగ్రికి మళ్లాయి. రాక్-ఓలా అనే కంపెనీ ఎం1 కార్బైన్ తుపాకులు రెండు లక్షలకి పైగా తయారుచేసింది. పాటల పెట్టెలు చేసిన చేతులే! పాత పెట్టెల్ని నడుపుకునేవాళ్లకి "మేము కూడా దేశానికి పనికొస్తున్నాం" అని చూపించుకోవాల్సిన అవసరం ఉంది. బాండ్ల పాట అందుకు చక్కగా సరిపోయింది.

ఆ పెట్టెల్లో తిరిగే రికార్డులకి కూడా కరువొచ్చింది. ఎందుకో తెలుసా? రికార్డులు చేసేది లక్కతో. లక్క వెళ్లేది ఎక్కువగా మన దేశం నుంచి, ఛోటా నాగపూర్ అడవుల్లోంచి. ఓడలు యుద్ధానికి పోయాయి, లక్కకి మిలిటరీ అవసరాలు కూడా ఉన్నాయి. 1942 ఏప్రిల్లో రికార్డులకి వాడే లక్కని 70 శాతం తగ్గించేశారు. మన చెట్ల మీద పురుగు స్రవించిన జిగురు అందకపోతే షికాగో బార్‌లో కొత్త పాట లేదన్నమాట.

ఇక ఇంజనీర్లకి నచ్చే ముక్క. కవచాలకి నికెల్ లోహం కావాలని 1942లో ఐదు సెంట్ల నాణెంలోంచి నికెల్ పూర్తిగా తీసేశారు. మరి కోట్ల కొద్దీ నాణేలు మింగే మెషీన్లు దేశమంతా ఉన్నాయి. అవి దొంగ నాణేన్ని బరువుతో, లోహపు గుణాలతో పట్టేస్తాయి. కొత్త నాణేన్ని కూడా దొంగదనుకుంటే? అందుకని 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీసు కలిపి, పాత మెషీన్లు గుర్తుపట్టేలా చేశారు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ. అదే 1943లో ఉక్కుతో చేసిన ఒక సెంటు నాణేన్ని మాత్రం మెషీన్లు ఒప్పుకోక ఇబ్బంది పెట్టాయి. ఇనప బిళ్లల్ని పట్టడానికి పెట్టిన అయస్కాంతం, ప్రభుత్వం కొట్టిన నాణేన్ని కూడా పట్టేసేది. ఏడాదిలోనే దాన్ని మానేశారు.

ఇంతా చేసి ఆ పది సెంట్ల స్టాంపులతో యుద్ధవిమానాలు వచ్చాయా? లెక్క చూస్తే డబ్బులో పెద్ద వాటా బ్యాంకులు, బీమా కంపెనీలు, పెద్ద సంస్థలు కొన్న బాండ్లది. మామూలు మనుషుల దగ్గర్నుంచి వచ్చినదాంట్లో కూడా ఎక్కువ భాగం జీతంలోంచి నెలనెలా కట్ చేసింది. (అవును, ఆ మెయిల్ పంపే హెచ్ఆర్‌కి కూడా అక్కడే ముత్తాతలున్నారు.) మరి ఆ పాటలూ స్టాంపులూ ఎందుకు? రెండు కారణాలు. మొదటిది మోర్గెంథౌ దాచుకోలేదు. బాండ్ కొన్నవాడు యుద్ధం తనదే అనుకుంటాడు. రెండోది ధరలు. ఫ్యాక్టరీలన్నీ తుపాకులు చేస్తుంటే జీతాలు పెరుగుతాయి, కొనడానికి మాత్రం సరుకుండదు. జేబులో మిగిలిన చిల్లరంతా ఉన్న కాసిన్ని సరుకుల మీద పడితే ధరలు ఆకాశానికి పోతాయి. ఆ చిల్లరని కొన్నాళ్లు తాళం వేసి పెట్టాలి, యుద్ధం అయ్యాక వడ్డీతో తిరిగి ఇవ్వాలి. 1940లోనే బ్రిటన్లో కీన్స్ ఇదే చెప్పాడు. రేషన్, ధరల అదుపు, పన్నులు, బాండ్లు అన్నీ కలిపి అమెరికాలో ధరలు చాలావరకు అదుపులో ఉంచాయి.

సరే, ఇప్పుడు మన కోఠికి తిరిగొద్దాం. అసలు నన్ను కూర్చోబెట్టి రాయిస్తున్నది ఇదే.

కోఠి అంటేనే బంగళా అని అర్థం. ఏ బంగళా? బ్రిటిష్ రెసిడెన్సీ. కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ తెల్ల స్తంభాల భవనం. దాని చుట్టూ ఉన్నవి రెసిడెన్సీ బజార్లు, అదే ఇప్పటి సుల్తాన్ బజార్ వైపు. నిజాం రాజ్యానికి సొంత డబ్బుంది, ఉస్మానియా సిక్కా, జనం నోట్లో హాలీ సిక్కా. కాగితం నోట్లు కూడా సొంతంగా వేసుకున్న సంస్థానం ఇది. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవారు. లెక్క ఆరు కల్దార్‌కి సుమారు ఏడు హాలీ. బ్రిటిష్ సర్కారుతో లెక్కంటే కల్దార్, ఊళ్లో బేరమంటే హాలీ. ఒక నాణేన్ని మాత్రమే గుర్తుపట్టే మెషీన్ని ఇక్కడ పెట్టి ఉంటే దాని గతేమిటో ఊహించుకోండి :-)

బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కూడా అమెరికా కంటే ముందే ఇలాంటి పథకం పెట్టింది. 1940లో పోస్టాఫీసుల్లో పదేళ్ల డిఫెన్స్ సేవింగ్స్ సర్టిఫికెట్లు వచ్చాయి. ఇక్కడా స్టాంపులే. చిన్న మొత్తాలకి స్టాంపులు కొని కార్డు మీద అంటించుకుంటూ పోతే, పది రూపాయలు నిండాక సర్టిఫికెట్. 1943లో పన్నెండేళ్ల నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ వచ్చింది. నేను జనవరిలో కొనే ఎన్నెస్సీ ఆ వంశంలోదే. పుట్టుక యుద్ధంలో, పెంపకం పోస్టాఫీసులో.

కాగితం మీద రెండు పథకాలూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. జరిగింది మాత్రం పూర్తిగా వేరు.

1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయింది. ఆ వార్త రాగానే మన జనం ఏం చేశారు? బాండ్లు కొనలేదు సరికదా, పోస్టాఫీసుల ముందు బారులు తీరి దాచుకున్నది వెనక్కి తీసుకున్నారు. నోట్లు ఇచ్చి వెండి రూపాయలు పట్టుకుపోయారు. కుండల్లో పెట్టి పాతిపెట్టారు. సర్కారు గాభరాపడి, అవసరానికి మించి నాణేలు దాచుకోవడం నేరమంది. జులైలో రూపాయి నోటు దింపింది. రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. తర్వాత చిల్లర కరువు ఎంత ముదిరిందంటే, కొట్లవాళ్లు చిల్లరకి బదులు పోస్టల్ స్టాంపులు చేతిలో పెట్టేవాళ్లు. ఆదా కోసం అంటించుకోమన్న స్టాంపులు కార్డు ఎక్కలేదు. ఉత్తరాల మీద అంటించాల్సినవి మాత్రం చిల్లరైపోయాయి. 1943లో ఆ చిల్లు కాణీ వచ్చింది ఈ పరిస్థితిలోనే. చివరికి అమెరికా నుంచే 22 కోట్ల ఔన్సులకి పైగా వెండి అప్పుగా తెచ్చుకోవాల్సి వచ్చింది.

మనవాళ్లకి ఆదా చేతకాదనుకుందామా? చచ్చినా ఒప్పుకోను. పోపుల డబ్బాలో డబ్బు దాచే జాతి మనది. అక్కడ కొరత ఆదాకి కాదు, నమ్మకానికి. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించాడు, ఒక్క భారతీయుణ్ణి కూడా అడక్కుండా. కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1940 అక్టోబర్లో గాంధీ వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెడితే, మనుషుల్ని గానీ డబ్బుని గానీ ఇచ్చి ఈ యుద్ధానికి సాయం చేయడం తప్పని వినోబా మొదలు ఒక్కొక్కరే చెప్పి జైలుకి వెళ్లారు. ఇక కలెక్టరూ తాసిల్దారూ వచ్చి "యుద్ధ నిధికి రాయండి" అంటే, జనం ఇచ్చారంటే అది భయంతో ఇచ్చింది. అమెరికాలో ఆ మాట పాటలో వచ్చింది, ఇక్కడ తాసిల్దారు నోట వచ్చింది. అక్కడ ఇష్టముంటే నికెల్ వేస్తావు, లేకపోతే లేదు.

జనం దగ్గర్నుంచి అప్పు పుట్టకపోతే సర్కారు ఏం చేస్తుంది? నోట్లు అచ్చేస్తుంది. యుద్ధం మొదట్లో దేశంలో చలామణిలో ఉన్న నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలు. 1945కి 1,100 కోట్లు దాటాయి. వెనకాల హామీగా లండన్లో స్టెర్లింగ్ ఖాతా పెరుగుతూ పోయింది. ఇక్కడ బియ్యం ధర పెరుగుతూ పోయింది. 1942లో బర్మా జపాన్ చేతికి పోయి అక్కడి బియ్యం ఆగింది, ఆ అక్టోబర్లో బెంగాల్లో తుఫాను వచ్చింది, వాటికి ఈ ధరలు తోడయ్యాయి. 1943 బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది పోయారని అంచనా. బియ్యం అసలే లేక కాదు, కొనే శక్తి పోయి ఎక్కువమంది చనిపోయారని అమర్త్య సేన్ 1981లో పుస్తకం రాసి వాదించాడు. కారణాల మీద ఇప్పటికీ చర్చ ఉంది. కానీ ఎవరి జేబునుంచీ అడిగి తీసుకోలేని యుద్ధఖర్చు చివరికి కూలివాడి కంచంలోంచి అడక్కుండా తీసుకుందనే మాటని మాత్రం నేను కాదనలేను.

నిజాం రాజ్యంలో? పైన చూస్తే అంతా ఘనంగా ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరుతో స్క్వాడ్రన్లే ఉన్నాయి. 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు మన ఊరి పేరు మోసుకుని ఎగిరాయి. కింద తెలంగాణ పల్లెల్లోకి యుద్ధం లెవీ రూపంలో వచ్చింది. పండిన ధాన్యంలో ఇంత అని సర్కారుకి, సర్కారు చెప్పిన ధరకి కొలవాలి. దేశ్‌ముఖ్‌లు తమ వాటా తప్పించుకుంటే ఆ బరువు కూడా చిన్నరైతు మీద పడేది. 1946లో రాజుకున్న సాయుధ పోరాటానికి భూమి, వెట్టితో పాటు ఈ లెవీ కూడా ఒక కారణం. పాలకుర్తిలో తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురునిలిచిన చాకలి ఐలమ్మ ఆ రోజుల మనిషే. ఆమె పేరు ఇప్పుడు ఎక్కడుందో తెలుసా? కోఠిలో. ఆ రెసిడెన్సీ ఆవరణలోని ఉమెన్స్ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించారు. రెసిడెంట్ దర్బారు చేసిన చోట ఆమె పేరు!

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది లేకపోతే కథ సగమే. స్వాతంత్ర్యం తర్వాత 1965లో పాకిస్తాన్ యుద్ధం వచ్చింది. డబ్బుకి, బంగారానికి పిలుపొచ్చింది. ఈసారి జనం కుండలు తవ్వి పాతిపెట్టలేదు, తవ్వి బయటికి తీశారు. ఆ డిసెంబర్లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి హైదరాబాద్ వచ్చినప్పటి పత్రికా కథనం ప్రకారం, తెలుగు సినిమా తారలు 8 లక్షల రూపాయలు ఇచ్చారు, తిరుమల తిరుపతి దేవస్థానం 1.25 లక్షల గ్రాముల బంగారం ఇచ్చింది, మాజీ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 4.25 లక్షల గ్రాముల బంగారం ఇచ్చాడు. పాతికేళ్ల క్రితం తాసిల్దారు బెదిరించినా కదలని దేశమే ఇది.

నిజాం సంగతి మనందరికీ ఫార్వర్డుల్లో వస్తూనే ఉంటుంది. "ఐదు టన్నుల బంగారం దానం చేశాడు, ఇనప పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నాడు" అని. 2018లో సమాచార హక్కు కింద అడిగితే, అలాంటి దానం సమాచారమేదీ తమ దగ్గర లేదని జాతీయ రక్షణ నిధి వాళ్లు చెప్పారు. జరిగింది 425 కిలోలు. ఐదు టన్నులంటే దానికి దాదాపు పన్నెండు రెట్లు. పైగా అది దానం కాదు, నేషనల్ డిఫెన్స్ గోల్డ్ బాండ్లలో పెట్టుబడి. వడ్డీ ఇస్తూ పదిహేనేళ్ల తర్వాత, 1980లో, బంగారాన్ని బంగారంగానే తిరిగి ఇచ్చే పథకం.

ఈ సంగతి చెబితే మా ఆఫీసులో ఒక మిత్రుడు "ఛ, అయితే గొప్పేముంది?" అన్నాడు. నాకు మాత్రం అసలు గొప్ప అక్కడే కనిపిస్తుంది. దానం చేసినవాడికి తీసుకున్నవాడి మీద నమ్మకం ఉండక్కర్లేదు. ఇచ్చేశాడు, మర్చిపోయాడు. అప్పు ఇవ్వాలంటే మాత్రం ఎదుటివాడు పదిహేనేళ్ల తర్వాత కూడా ఉంటాడని, మాట మీద నిలబడతాడని నమ్మాలి. 1948లో ఏ ప్రభుత్వం సైన్యాన్ని పంపి తన రాజ్యాన్ని కలిపేసుకుందో, అదే ప్రభుత్వం చేతిలో ఆయన 1965లో బంగారం పెట్టి కాగితం తీసుకున్నాడు. మనం ఆ కాగితాన్ని చెరిపేసి దానం అని రాసుకుని ఎందుకు మురిసిపోతున్నామో నాకర్థం కాదు.

ఈసారి కోఠి పోస్టాఫీసులో కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు జేబులో ఆ 1943 చిల్లు కాణీ ఉంది. నా ముందున్న పెద్దావిడ కొంగుముడి విప్పి, మడతలుపడిన నోట్లు లెక్కపెట్టి, కౌంటర్లో ఉన్నబ్బాయికి ఇచ్చింది. "రసీదు ఇయ్యి బిడ్డా" అంది. రసీదు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లున్న చోటే కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.